ముప్పై ఒక్క తాళాలు

"ఇది గూడ లాకే తాయీ," అంది మేఘా.

దర్శన చేతిలోని రిమోట్ నొక్కి తెర మీద పక్క బొమ్మకి జరిగింది. అక్కడా తాళం గుర్తే. ఫుట్‌బాల్‌కి తాళం, కార్ల పందేలకి తాళం, కుస్తీకి తాళం, చివరికి చంటిపిల్లలు ఆడుకునే కప్పల ఆటకి కూడా తాళం.

"ఎన్ని?"

"ముప్పై ఒకటి. అన్నిటికీ."

ఆదివారం ఉదయం పది దాటింది. ముంబై కామాఠిపురా పన్నెండో గల్లీలో ఆ పాటికి ఉండాల్సిన సందడంతా ఉంది, దర్శన వీడియో గేమ్ దుకాణంలో తెర మీద తప్ప. పదకొండింటికి ఫుట్‌బాల్ లీగ్. పేర్లిచ్చిన పదహారు మందిలో పది మంది అప్పుడే వచ్చేశారు. గుమ్మం ముందు నిలిపి ఉన్న స్కూటర్ల మీద ఎక్కి కూర్చుని, ఇంకా మొదలే కాని ఆటలో ఎవరు గెలిచారన్న దాని మీద పోట్లాడుకుంటున్నారు.

"నెట్ పోయిందేమో. గేమ్ డబ్బా బంద్ జేసి మల్ల చాలూ జెయ్యి," అంది దర్శన.

"మూడుసార్లు జేసిన. నెట్ మస్తుగుంది. గిది నెట్ ముచ్చట గాదు తాయీ. కింద ఏం రాసుందో సదువు."

మేఘా పై అంతస్తు పిల్ల, కాలేజీలో చదువుతోంది; మరాఠీ అలవాటు కొద్దీ అక్కని తాయీ అని, అన్నని దాదా అని పిలుస్తుంది. ఫుట్‌బాల్ ఆటలో ఆమెని ఓడించిన మగవాడు ఆ గల్లీలో ఇంకా పుట్టలేదని ఆమే చెప్పుకుంటుంది, కాదనడానికి ఎవరికీ ధైర్యం లేదు. అలాంటి పిల్ల ఇవాళ గొంతు తగ్గించి మాట్లాడుతోంటే దర్శన తెరకి దగ్గరగా ఒంగింది.

తెర అడుగున సన్నటి అక్షరాలు. ఈ ఆటల హక్కుదారు మరో డబ్బాను తన ఇంటి డబ్బాగా నమోదు చేసుకున్నారు. ఇక్కడ ఆడాలంటే హక్కుదారు స్వయంగా తన పాస్‌వర్డ్‌తో లోపలికి రావాలి.

దర్శన ఆ రెండు వాక్యాలూ రెండుసార్లు చదివింది. అర్థం కాక కాదు.

ఆ డబ్బా దర్శనది. గోడకున్న పెద్ద టీవీ దర్శనది. కుర్చీలు, రిమోట్లు, మూలన తిరుగుతూ చప్పుడు చేసే ఫ్యాను, అన్నీ దర్శనవే. ఏడేళ్లు గ్రాంట్ రోడ్ దగ్గర కొరియర్ ఆఫీసులో పార్సిళ్ల మీద చీటీలు అంటించి, ఆ ఉద్యోగానికి దండం పెట్టి వచ్చి పెట్టుకున్న దుకాణం అది. ఒకే గది ఉన్న ఖోలీని ప్లైవుడ్‌తో రెండు చేశారు. ఇవతల దుకాణం, అవతల సంసారం. ఆటల హక్కు మాత్రం తమ్ముడు హితేష్ పేరు మీద ఉంది.

"దాదాకి ఫోన్ జెయ్యరాదూ?" అంది మేఘా.

"పొద్దటికెళ్లి తొమ్మిదిసార్లు జేసిన. ఎత్తుతలేడు."

హితేష్ పోయిన సోమవారం వర్లిలో మొబైల్ కొట్టులో పని దొరికిందని చెప్పి వెళ్లాడు. స్నేహితుడి దగ్గర ఉంటానన్నాడు. వెళ్లేటప్పుడు అక్క దగ్గర కొత్త చొక్కా కూడా కొనిపించుకున్నాడు. మొదటి రోజు పనిలోకి పాత చొక్కాతో పోతే బాగుండదని దర్శనే పట్టుబట్టి కొంది.

మేఘా తన ఫోన్ చేతుల్లో అటూ ఇటూ తిప్పింది.

"తాయీ, ఒకటి జూపిస్త. నా మీద కోపం జెయ్యొద్దు."

"ఏంది?"

"రాత్రి మా కాలేజీ గ్రూపుల వచ్చింది. నీకు ఎరుకే అనుకున్న నేను."

ఫోన్ తెర మీద రంగురంగుల ప్రకటన. వర్లిలో కొత్త గేమ్ అడ్డా. ప్రారంభం ఈ ఆదివారం పదకొండున్నరకి. కింద కార్పొరేటర్ల బ్యానర్లలో లాగా ఇద్దరు మనుషులు చేతులు జోడించి నవ్వుతున్నారు. ఒకడు మంగేష్, హితేష్‌తో కలిసి చదివిన కుర్రాడు. రెండోవాడు హితేష్. ఒంటి మీద ఆ కొత్త చొక్కా.

దర్శన చూపు చొక్కా దగ్గర ఆగలేదు. ఇంకా కిందికి, ఆటల జాబితా దగ్గరికి పోయింది. ముప్పై ఒకటి. వరుస కూడా అదే. పదిహేడోది వంటల ఆట. మేఘా వాళ్లమ్మ మధ్యాహ్నం పూట వచ్చి ఆడుకుంటుందని, ఆవిడొక్కర్తి కోసమే దర్శన కొన్న ఆట. దాన్ని డబ్బు పెట్టి కొనే దుకాణదారు ముంబై మొత్తంలో ఇంకొకరు ఉండరు.

"గిది నా లిస్టు," అంది దర్శన.

సరిగ్గా అప్పుడే ప్లైవుడ్ తలుపు తీసుకుని మంగళ వచ్చింది. దర్శన తల్లి. పట్టుచీర కట్టుకుంది, జడలో మల్లెపూలు. దుకాణంలోంచి వీధిలోకి దారి కాబట్టి ఆవిడ ఎవరి మొహం చూడకుండా పక్కనుంచి జరిగి పోబోయింది.

"యాడికమ్మా?"

"గుడికి."

"పట్టుచీరనా?"

"ఐతారం గదా. ఓసారి గట్టొద్దా ఏంది?"

దర్శన లేచి తల్లి కళ్లముందు ఫోన్ పట్టింది. మంగళకి చదువు రాదు గానీ కొడుకు మొహం గుర్తుపట్టడానికి చదువు అక్కర్లేదు. ఆవిడ ఫోటో వంక చూసింది, ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యపోవాలన్న సంగతి రెండు క్షణాలు ఆలస్యంగా గుర్తొచ్చింది.

"గుడి వర్లిలున్నదా అమ్మా?"

మంగళ కొంగు సర్దుకుంది. సర్దడానికేమీ లేకపోయినా మళ్లీ సర్దుకుంది. బయట స్కూటర్ల మీద ఎవడో పెద్దగా నవ్వాడు.

"ఎన్ని దినాలాయె నీకు తెలిసి?"

"నెల."

"నెలా!"

"వాడే వద్దన్నడు. అక్కకి చెప్తే ఒర్లుతది, సురువు గాకముందే పాడు జేస్తది అన్నడు. నేనేం జెయ్యాలె? కడుపుల వెట్టుకున్న."

"నా ఆటలు గొంచవోతుండని గూడ కడుపుల వెట్టుకున్నవా?"

"ఏం గొంచవోయిండే?" మంగళ గొంతు లేచింది. తప్పు దొరికిన చోట గొంతు లేపడం ఆ ఇంట్లో పాత అలవాటే. "టీవీ గీడనే ఉన్నది. డబ్బా గీడనే ఉన్నది. కుర్సీలు గీడనే ఉన్నయ్. నేను నా కండ్లతోటి జూసిన, వాడు ఉత్త సంచి వట్టుకొని పోయిండు. ఏం పోయింది నీది?"

దర్శన తెర వైపు చూపించింది, మళ్లీ చెయ్యి దించేసింది.

"పొయ్యి గీడ వెట్టి సిలిండర్ ఎత్కపోయిండమ్మా. సమజైందా?"

మంగళకి సమజైంది. ఆవిడ మొహంలో ఆ సంగతి కనబడింది కూడా. కానీ వెనక్కి తగ్గలేదు.

"ఇంకోటి దెచ్చుకో మరి. నువ్వు తెలివిగల్లదానివి. వాడెన్నడన్న ఒక్కపని సక్కగ జేసిండా? ఇయ్యాల ఓ దారి దొరికింది. మొగపిలగాడు, నిలవడనియ్యి. నీకంటే రేపు..."

"నాకు రేపు ఏంది?"

పెళ్లి అన్న మాట మంగళ నోటి చివరే ఆగిపోయింది. మేఘా నేల చూపులు చూసింది.

దర్శనకి ఏడుపు రాలేదు. తమ్ముడు మోసం చేస్తే మోసగాడని తిట్టి ఊరుకోవచ్చు. తల్లి నెల రోజులు రోజూ తన కంచంలో అన్నం వడ్డిస్తూ, లీగ్‌కి ఎంతమంది పేర్లిచ్చారే అని అడుగుతూ, ఇంత గుట్టుగా ఉండగలిగిందా?

ఈ తగువు విత్తనం రెండేళ్ల కిందట నాగ్‌పాడాలో పడింది, దుర్గయ్య కొట్టులో.

దుర్గయ్యది పాలమూరు వైపు. కూలికొచ్చి, టీవీలు బాగుచెయ్యడం నేర్చి, చివరికి పాత గేమ్ డిస్కులు కొని అమ్మే చిన్న కొట్టు పెట్టుకున్నాడు. ఆ రోజు బల్ల మీద నల్లదొకటి, తెల్లదొకటి, రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టాడు. ఒకదాన్ని చూస్తే ఇంకొకదానికి పడని రెండు కంపెనీలవి. అప్పటికే గల్లీలో పిల్లలు నల్ల పార్టీ, తెల్ల పార్టీ అని చీలిపోయి, ఎన్నికలప్పుడు వాళ్ల నాన్నలు కూడా కొట్టుకోనంతగా కొట్టుకుంటున్నారు.

"నల్లదానికి డిస్కు వెట్టే సందున్నది. తెల్లదానికి లేదు. ఫరక్ అంతే, కానీ మస్తు పెద్దది," అన్నాడు దుర్గయ్య.

"ధర చెప్పు కాకా," అన్నాడు హితేష్.

"తెల్లది పన్నెండు వేలు తక్కువ."

హితేష్ అక్క వైపు చూసి కళ్లెగరేశాడు.

"ఆగు పిలగా. డిస్కు గొంటే అది నీది. ఆడి ఆడి మొకం మొత్తితే నా తాన్కి పట్టుకరా, సగం ధరకి నేనే గొంట. దోస్తుకియ్యి, బదలాయించుకో, అడిగెటోడు లేడు. డిస్కు మీద ఎవ్వని పేరుండదు. తెల్లదాంట్ల ఆట నెట్‌లకెళ్లి దిగుతది. ఎవ్వని పేరు మీద దిగితే వానిదే. అమ్మరాదు, ఇయ్యరాదు. ఆ పేరుగల్లోడు ఏదన్న ఒక్క డబ్బాని ఇంటి డబ్బా అని రాయించుకోవాలె. ఆ డబ్బా మీద ఎవ్వరన్న ఆడుకోవచ్చు. వాడు రేపు ఇంకో డబ్బా రాయించుకుండంటే ఇది బంద్."

"గట్లయితే నల్లదే దీసుకుందాం," అంది దర్శన.

"నీకేం తెల్వదక్కా," అన్నాడు హితేష్. "కొత్త డిస్కు ఒక్కోటి ఎంతనో అడుగు. తెల్లదానికైతే పండుగలప్పుడు నెట్‌ల సగం ధరకి ఇస్తరు. డిస్కులు పోరలు గీకుతరు, జేబుల ఏసుకపోతరు. నువ్వు ఒక్కదానివి ఎంతమందిని కావలి కాస్తవ్? తెల్లదాంట్ల నెల నెల ఇంత కడితే వంద ఆటలు గూడ వస్తయ్."

"కట్టుడు ఆపితే?"

"ఆపితే పోతయ్," అన్నాడు దుర్గయ్య. "అది కిరాయి బిడ్డా. గొన్నట్టు గాదు. కానీ నిజం జెప్పాలె గదా, నల్లది గూడ ఏం అంత పత్తిత్తు గాదు. కొన్ని డిస్కులు వెట్టినంక గూడ సగం ఆట నెట్‌లకెళ్లే దించుకోమంటది."

చివరికి తెల్లది కొన్నారు. నెల కిరాయి వద్దనుకున్నారు, ఆటలు ఒక్కొక్కటే సొంతానికి కొందామనుకున్నారు. హితేష్ లెక్కలో తప్పేమీ లేదు. పన్నెండు వేలు నిజంగానే మిగిలాయి. ఆ సొమ్ముతోనే మొదటి ఆటలు వచ్చాయి. ఇప్పుడు తలుచుకుంటే దర్శనకి ఆ సంగతే ఎక్కువ మండుతోంది. అబద్ధం చెప్పి ముంచితే తిట్టుకోవడానికి ఒక మాట దొరికేది. వాడు అన్నీ నిజాలే చెప్పి ముంచాడు.

పేరెవరిది అని దుర్గయ్య అడిగేసరికే హితేష్ తన పేరు కొట్టేశాడు. నంబరు అన్నప్పుడు మాత్రం దర్శన అడ్డుపడింది. బాపు నంబరు ఇయ్యి అంది.

ఆ ఇంట్లో నంబరంటే తండ్రి రాజలింగం నంబరే. గ్యాసుకీ అదే, రేషన్‌కీ అదే, బ్యాంకుకీ, దవాఖానాకీ, పిల్లల స్కూలుకీ అదే. గల్లీలో పాత కుటుంబాలన్నిటికీ అలా ఇంటికొక పెద్ద నంబరు ఉంటుంది, సొంత ఫోన్లు ఎన్ని ఉన్నా సరే. ఖోలీ లోపల టవర్ దొరకదు కాబట్టి రాజలింగం తన మీటల ఫోన్ పట్టుకుని బయట అరుగు మీదే కూర్చుంటాడు. కోడ్ ఏదొచ్చినా అక్కణ్ణుంచే అరిచి చదువుతాడు. గ్యాస్ బండ తెచ్చినవాడికి ఆ అంకెలు గల్లీ చివరే వినబడతాయి. లోపల ఎవరికి కావాలో వాళ్లు కొట్టుకుంటారు. ఎవరూ ఫోన్ చూడ్డానికి బయటికి రారు.

బాపు దగ్గరుంటే నా దగ్గరున్నట్టే అనుకుంది దర్శన ఆ రోజు. దుకాణం పెడతానంటే ఇల్లంతా వద్దన్నప్పుడు సరే అన్నది ఆయనొక్కడే. నలభై ఏళ్లు తాపీ పట్టిన మనిషి, మోకాళ్లు సహకరించకపోయినా నేల మీద కూర్చుని ఆ ప్లైవుడ్ గోడ తన చేతులతో నిలబెట్టాడు. తమ్ముడి పేరున్నా తండ్రి నంబరుంది కదా అని ఆమె ఆ రాత్రి సుఖంగా నిద్రపోయింది.

"తాయీ!" మేఘా గబుక్కున లేచింది. "నంబరు బాపు కాకాది గదా? పాస్‌వర్డ్ మర్చిపోయిన అని కొడితే కోడ్ ఆ నంబర్‌కే వస్తది. మనమే పాస్‌వర్డ్ బదలాయించి మన డబ్బానే మల్ల ఇంటి డబ్బా జేస్తే ఖతం. ముప్పై ఒకటీ వాపస్!"

దర్శన గోడ గడియారం చూసింది. పదకొండుకి పది నిమిషాలు తక్కువ.

"వానికేమైతది?"

"వాళ్ల డబ్బా మీద పడ్తయ్ తాళాలు."

కొబ్బరికాయ కొట్టే వేళకి. పిలిచిన వాళ్లంతా చూస్తుండగా. దర్శనకి ఒక్కసారి ఒళ్లంతా తేలికైంది. ఆ తేలికదనానికి వెంటనే భయమేసింది కూడా. కానీ ఇది తన దుకాణం. పుట్టి బుద్ధెరిగాక తనదని చెప్పుకోడానికి ఆమెకి దొరికింది ఇదొక్కటే. ఇవాళ లీగ్ ఆగిపోతే బయట కూర్చున్నవాళ్లు వర్లి దారి పడతారు, మళ్లీ రారు.

"కొట్టు," అంది.

మంగళ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "తమ్మునికి ఇయ్యాలనే జేస్తవా? రేపు జెయ్యరాదు?"

"వాడు నాకు ఇయ్యాలనే జేసిండు."

"వాడు శుక్రారం అన్నం దిననీకి వచ్చిండు. మీ బాపు పండుకోని ఉండె. అప్పుడే ఆయన ఫోన్ దీస్కొని కోడ్ జూసుకుండేమో. ఆయనకేం తెల్వదు, ఆయన్ని అనకు."

"బాపుని నేనెందుకంట?" అంది దర్శన. నిజంగానే ఆ ఆలోచన ఆమెకి రాలేదు. కిటికీ దగ్గరికి వెళ్లి అరిచింది. "బాపూ! కోడ్ వస్తది, జెర చెప్పు!"

అరుగు మీద రాజలింగం వీపు కనబడుతోంది. ఉతికిన తెల్ల చొక్కా. ఆయన ఫోన్ కళ్లకి దగ్గరగా పట్టుకున్నాడు.

"వచ్చింది."

"చెప్పు."

"నాలుగు. ఒకటి. ఏడు. సున్నా. రెండు. తొమ్మిది."

దర్శన రిమోట్‌తో ఒక్కో అంకె మీదికీ జరిగి నొక్కింది. తెర ఒక్క క్షణం ఆలోచించి ఎర్రబడింది. కోడ్ తప్పు. ఇంకా రెండు అవకాశాలున్నాయి.

"బాపూ, తప్పంటుంది. ఇంకోటి పంపిస్తున్న, కండ్లద్దాలు వెట్టుకో."

"వెట్టుకొనే ఉన్న."

రెండో కోడ్. ఎనిమిది, ఎనిమిది, మూడు, ఒకటి, ఐదు, ఆరు. మళ్లీ తప్పు.

"నువ్వు గాని తప్పు నొక్కినవా తాయీ? రిమోట్ ఇటియ్యి," అంది మేఘా. "కాకా, మెల్లగ చెప్పండ్రి. ఒక్కొక్కటి."

బయట లీగ్ వాళ్లు నెమ్మదించారు. లోపలేదో తేడాగా ఉందని వాళ్లకీ తెలిసిపోయింది. పదకొండు కొట్టింది. మంగళ కదలకుండా నిలబడి ఉంది, గుడికి ఆలస్యమవుతున్న మనిషిలా మాత్రం లేదు.

"రెండు," అన్నాడు రాజలింగం. ఎప్పుడూ గల్లీ చివరిదాకా వినబడే గొంతు ఇవాళ కిటికీ దాటి లోపలికి రావడానికే ఇబ్బంది పడుతోంది. "ఆరు. సున్నా. తొమ్మిది. ఏడు. మూడు."

మేఘా నొక్కింది. ముగ్గురాడవాళ్లూ తెర వంకే చూశారు.

కోడ్ తప్పు. ఎక్కువసార్లు ప్రయత్నించారు. ఇరవై నాలుగు గంటల తర్వాత మళ్లీ రండి.

"అరె దేవా!" అని మేఘా రిమోట్‌ని ఒళ్లో పడేసుకుంది. "కంపెనీ వాళ్లదే గల్తీ ఉంటది. మూడుసార్లు ఎట్ల తప్పయితది?"

దర్శన అదే అనుకుంది. మూడుసార్లు ఎట్లా తప్పవుతుంది?

ఆమె బయటికి నడిచింది. గుమ్మంలో తల్లి పక్కకి జరగలేదు, భుజం తగిలించుకుని దాటాల్సి వచ్చింది. అరుగు మీద రాజలింగం ఫోన్‌ని తొడ మీద బోర్లా పెట్టుకుని రోడ్డు వంక చూస్తున్నాడు. తల నున్నగా దువ్వుకున్నాడు. నుదుట బొట్టు పెట్టుకున్నాడు.

"ఇటియ్యి బాపూ."

"ఛార్జింగ్ లేదు బిడ్డా."

"ఇటియ్యి."

ఆయన ఇవ్వలేదు. ఆమే తీసుకుంది. తీసుకుంటుంటే ఆయన వేళ్లు పట్టు బిగించలేదు, వదలనూ లేదు.

మూడు మెసేజీలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. మొదటిదానిలో చివర తొమ్మిది రెండు. ఆయన చదివింది రెండు తొమ్మిది. రెండోదానిలో ఆరు ఐదు. ఆయన చదివింది ఐదు ఆరు. మూడోదాని చివర మూడు ఏడు.

ఒకసారైతే కళ్లజోడు అనుకునేది. రెండోసారి కూడా అనుకోడానికి ప్రయత్నించేది. మూడుసార్లూ చివరి రెండంకెలే అటుదిటయ్యాయి. టేపు మీద నూలువాసి తేడా రానివ్వని మనిషి, సరిగ్గా తప్పించగలిగినంత సరిగ్గా చదివాడు.

వాటి కింద ఇంకో కోడ్ ఉంది, శుక్రవారం సాయంత్రానిది; తాళాలు పడింది ఇవాళైనా, వర్లి డబ్బాకి దారి ఆ పూటే తెరుచుకుంది. ఆ పూట ఆయన పడుకోలేదని, తల్లి చెప్పింది కూడా అబద్ధమేనని దర్శనకి ఇప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.

"బాపూ," అంది. ఇంట్లో అందరూ తెలిసి చేశారు. అందరూ కలిసి చేశారు. వద్దన్నవాళ్లు ఎలాగూ వద్దన్నారు. సరే అన్న ఒక్కడు కూడా ఇలా చేశాడు. ఆమెకి ఆ అరుగు మీదే కూలబడి గట్టిగా ఏడవాలనిపించింది. లీగ్ కుర్రాళ్లు చూస్తున్నారని నిలబడింది.

రాజలింగం తల తిప్పలేదు.

దర్శన చేతిలోని ఫోన్ మోగింది. చిన్న తెర మీద హితేష్ పేరు.

పొద్దుటి నుంచి తొమ్మిదిసార్లు ఎత్తనివాడు. ఆమె పచ్చ మీట నొక్కింది. మాట్లాడలేదు.

"బాపూ!" అవతల మైకులో ఎవరో వన్, టూ అంటున్నారు, హితేష్ దాని మీదుగా అరుస్తున్నాడు. "మూడుసార్లు అయినట్టున్నయ్ గదా? ఈడ డబ్బా మీద మెసేజ్ వచ్చింది. ఇగ రేపటిదాక ఎవ్వరేం జెయ్యలేరు. నువ్వు అమ్మని దీస్కొని జల్ది బయల్దేరు, ట్యాక్సీ జేస్కో. కొబ్బరికాయ నీ చేతుల్తోనే కొట్టియ్యాలె అంటుండు మంగేష్."

ఆ మీటల ఫోన్ చెవిటివాడికి కూడా వినబడేంత గట్టిగా పలుకుతుంది. అరుగు మీద రాజలింగం విన్నాడు. గుమ్మంలో మంగళ విన్నది. స్కూటర్ల మీద కుర్రాళ్లు కూడా విన్నారు.

"బాపూ? ఇనవడ్తుందా? అక్కకి అనుమానం రాలేదు గదా?"

దర్శన ఒంగి ఫోన్‌ని తండ్రి చెవికి ఆనించి పట్టుకుంది.

"అడుగుతుండు బాపూ," అంది. "చెప్పు."